కాశీకి బయల్దేరిన లైన్‌మన్

పాండురంగకి దేవుడు నెత్తిమీద జుట్టు తీసేసుకుని, దానికి బదులు నోరిచ్చాడు. ఆ మారుబేరంలో నష్టపోయింది మాత్రం వినేవాళ్లే. మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో ఏ తెలుగింట్లో సత్యనారాయణ వ్రతం జరిగినా, ఏ పెరట్లో బార్బెక్యూ వెలిగినా, బొగ్గులు రాజుకోకముందే పాండురంగ రాజుకునేవాడు. పిత్తాశయం తీయించుకోవడానికి ఆపరేషన్ బల్ల మీద పడుకుని కూడా, "గాల్ బ్లాడర్ పట్టుకుపోండి, గాలి మాత్రం నాకొదిలెయ్యండి" అని మత్తుమందు డాక్టరుతో అన్నాడు. ఆ డాక్టరుది బ్రెజిల్. నవ్వలేదు. మత్తు ఆయనకే ఎక్కినట్టుందని పాండురంగ అనుకున్నాడు గానీ, తన జోకులో దమ్ము తక్కువైందని అనుకోలేదు.

అలాంటివాడి ఒక్కగానొక్క కూతురు అనన్య, ఫిజియోథెరపిస్టు, ఒకనాటి సాయంత్రం వంటింటి గట్టు మీద కూర్చుని తన పెళ్లి సంగతి చెప్పింది.

"ఏం చేస్తాడమ్మా అబ్బాయి?" అంది తల్లి చాముండేశ్వరి.

"డిఫెన్సివ్ లైన్‌మన్ మమ్మీ. అమెరికాలో ప్రో ఫుట్‌బాల్. అక్కడ చాలా పెద్ద పేరు. ఇప్పుడు రిటైర్డ్. హైస్కూల్లో కోచ్. నీ ఇంజరీకి నా క్లినిక్‌కే వచ్చాడు."

"నా ఇంజరీ ఏంటే, నాకేం దెబ్బ తగిలింది?"

"నీది కాదు మమ్మీ! నీ అంటే... మోకాలు!"

చాముండేశ్వరికి మిగతాది అర్థమయ్యేలోపే పాండురంగ ఫోను తీసుకుని పెరట్లోకి పరిగెత్తాడు. తెనాలిలో ఉన్న అక్క మొగుడు సుందరరామయ్యకి ఈ వార్త తనే ముందు చెప్పాలి. సుందరరామయ్య కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి.

"బావా, అనన్యకి సంబంధం కుదిరింది. అబ్బాయి లైన్‌మన్."

"లైన్‌మనా? నా కింద రెండొందలమంది ఉండేవాళ్లు కదరా! తెనాలిలో దొరకరనా, ఆస్ట్రేలియా దాకా పోయి స్తంభాలెక్కేవాడికిస్తున్నావు?"

"స్తంభాలెక్కడు బావా. వాడే స్తంభం."

ఆ ముక్క ఆ పూటకే తెనాలి, విజయవాడ, హైదరాబాదు, కెల్లీవిల్ చుట్టాల ఫోన్లన్నీ తిరిగి పాండురంగ ఫోనుకే మళ్లీ చేరింది. కాబోయే అల్లుణ్ణి ఇంకా కళ్లతో చూడలేదు. అప్పటికే అతను నాలుగు ఊళ్లలో జోకైపోయాడు.

తరువాతి ఆదివారం ఆ స్తంభం భోజనానికొచ్చింది. పేరు సియోనె. తల్లిదండ్రులు టోంగా దీవుల నుంచి వచ్చారు. అతను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, పోస్టాఫీసుకి అవతల వీధిలో. గుమ్మంలోకి తిన్నగా పట్టక, కొంచెం పక్కకి తిరిగి లోపలికొచ్చాడు.

"టోంగా నుంచి టాంగా ఎక్కి వచ్చావా బాబూ?" అన్నాడు పాండురంగ ఇంగ్లీషులో.

సియోనెకి అర్థం కాలేదు. టాంగా అంటే మా వైపు గుర్రపు బండి అని, మీ దేశం పేరుకి దగ్గరగా ఉంటుందని, కాబట్టి మీ దేశం నుంచి ఆ బండెక్కి రావడం నవ్వు పుట్టించే విషయమని పాండురంగ ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. జోకుని కోసి పేగులు బయటికి తీసి చూపించాక అది బతకదు. సియోనె అంతా శ్రద్ధగా విని, "ఓకే, సర్" అన్నాడు.

భోజనాల దగ్గర పాండురంగ మళ్లీ దిగాడు. "నువ్వు చేసే పనిని శాక్ అంటారట కదా?"

"అవును సర్. బంతి విసరబోయేవాణ్ణి, విసరకముందే పడగొట్టడం."

"మరి కెరీర్ మొత్తం మీద ఎంతమందిని శాక్ చేశావు?"

"డెబ్బై పైన, సర్."

"నన్నూ రెండు కంపెనీలు ఉద్యోగంలోంచి శాక్ చేశాయి. వాళ్లకి ఎవరూ కప్పివ్వలేదేం?"

సియోనె చెంచా కింద పెట్టేశాడు. "వినడానికి చాలా బాధగా ఉంది, సర్" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. మర్నాడు తన స్కూల్లో ఆఫీసు ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉందని పాండురంగకి మెసేజ్ కూడా పంపాడు.

ఇంట్లో అతనితో ఏ ఇబ్బందీ లేకుండా కలిసిపోయింది ఒక్క శారదాంబే, పాండురంగ తల్లి. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు. అందుకని ఇద్దరూ హాయిగా మాట్లాడుకునేవారు. "సోనయ్యా, ఇంకో పెసరట్టు వేసుకో" అనేది ఆవిడ. "చాలు" అనేవాడు, కొత్తగా నేర్చుకున్న మాట. ఆ మాట ఆవిడకి డెబ్బై ఏళ్లుగా వినపడదు. ఇంకొకటి పడేది.

అలా ఒక మధ్యాహ్నం తిన్నది అరక్క పాండురంగ సోఫాలోనే గుర్రు పెట్టాడు. శారదాంబ టీ కప్పు పట్టుకొచ్చి కొడుకు భుజం తట్టింది. "లేవరా పాండూ! లే! టీ చల్లారిపోతోంది." పాండురంగ లేచి బుద్ధిగా కప్పందుకున్నాడు. ఇంత గోల చేసే మనిషి ఇంత సౌమ్యంగా లేవడం సియోనెకి నచ్చినట్టుంది. అదేం మాటని అనన్యని అడిగాడు. "ప్లీజ్ గెట్ అప్ అని" అంది అనన్య, నవ్వు ఆపుకుంటూ. అతను ఆ మాటని పెదవులతోనే రెండుసార్లు చదువుకున్నాడు, మంత్రంలా.

నిశ్చితార్థం నాడు హాల్లో మైకు పాండురంగ చేతికి దొరికింది. ఇంక చెప్పాలా!

"మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టు అంటారు మన పెద్దవాళ్లు. అదెలా కుదురుతుందా అని నేనూ అనుకునేవాణ్ణి. మా ఇంట్లో కుదిరింది! ఆ మోకాలు వచ్చి మా అమ్మాయికి మూడు ముళ్లు వేస్తోంది. బోడిగుండు ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు!" అని తల వంచి, దీపాల కింద మెరిపించి చూపించాడు.

హాలు ఊగిపోయింది. పెళ్లికొడుకు ఏమిటని అడిగాడు, అనన్య వద్దులే అంది, అతను మళ్లీ అడిగాడు. ఆమె చెప్పింది. సియోనె నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. అరచెయ్యి తీసి కుడి మోకాలి మీద కప్పి పెట్టుకున్నాడు, పసిపిల్లకి వినపడకుండా చెవులు మూసినట్టు.

ఇంటికెళ్తుంటే కారు అనన్యే నడిపింది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, ఎదరకే చూస్తూ అంది. "నాన్నా, ఒకటి చెప్తాను. డోంట్ మేక్ ఎ జోక్."

"చెప్పమ్మా."

"సియోనె థింక్స్ యూ డోంట్ వాంట్ హిమ్."

"నేనా? వాణ్ణా? నేనెప్పుడన్నానే?"

"అనలేదు. అదే ప్రాబ్లమ్. రమ్మని కూడా అనలేదు కదా! ఇన్ని నెలల్లో వాడితో ఒక్క స్ట్రెయిట్ సెంటెన్స్ మాట్లాడావా? ఒక్కటి? అంతా పంచ్‌లే. వాళ్ల నాన్న చిన్నప్పుడే పోయారు. నువ్వు ఏమంటావో అని వాడు వెయిట్ చేస్తూనే ఉన్నాడు. నిన్న ఏమన్నాడో తెలుసా? తోసుకుని లోపలికి వెళ్లడం ఫీల్డ్ మీద నా జాబ్, కానీ వద్దనుకునే ఇంట్లోకి తోసుకుని రాలేను అన్నాడు." ఆమె తండ్రివైపు తిరిగింది. "పెళ్లిలోగా వాడికి చెప్పు నాన్నా. నువ్వు మాకు కావాలి అని. జస్ట్ దట్. లేకపోతే వాడు ఈ ఫ్యామిలీలో ఎప్పటికీ గెస్ట్‌లాగే ఉంటాడు. నేను కూడా."

"ఓస్, అంతేనా! చెప్తాలే."

"జోక్ లేకుండా."

"జోక్ లేకుండా. ప్రామిస్. ఆ 'మిస్'కే ఇస్తున్నాను ప్రా..."

"నాన్నా!"

ఆ రాత్రి దాటి మరుసటి శనివారం రానే వచ్చింది. హార్డ్‌వేర్ షాపు బయట, చారిటీ వాళ్లు రొట్టె ముక్కలో చుట్టి అమ్మే సాసేజ్‌లు మామకీ తనకీ చెరొకటి కొన్నాడు సియోనె. పాండురంగ గొంతు సవరించుకున్నాడు. వాక్యం సిద్ధంగా ఉంది. ఇంటి దగ్గర అద్దం ముందు అనుకుని వచ్చాడు.

"సియోనె, నువ్వు మా ఇంట్లోకి..." అన్నాడు. అతను నమలడం ఆపి ఇటు తిరిగాడు. అంత పెద్ద ఛాతీ మొత్తం ఇటు తిరిగింది. ఆ వెడల్పు చూసేసరికి పాండురంగ నాలుక తాడు తెంపుకుంది. "...రావాలంటే ముందు గుమ్మం పెద్దది చేయించాలి!"

సియోనె తల పంకించాడు. మర్నాడు టేపు తెచ్చి గుమ్మం కొలుచుకుని వెళ్లాడు.

చాముండేశ్వరి నెత్తి కొట్టుకుంది. "ఏమండీ, ఆ పిల్లాడు మీరేమన్నా నిజమనుకుంటాడు. మీరు నిజం తప్ప అన్నీ అంటారు. ఎలా చచ్చేదండీ మీ ఇద్దరితో?"

అసలు ఈ మనిషి ఎవరో తెలుసుకుంటే మాట వస్తుందేమోనని, ఒక ఆదివారం మధ్యాహ్నం పాండురంగ టీవీలో సియోనె పాత ఆటలు పెట్టుకుని కూర్చున్నాడు. మొదట వెటకారానికే కూర్చున్నాడు. జట్టు పేరు టక్సన్ టస్కర్స్ అట. టోపీ మీద ఏనుగు దంతాల బొమ్మ. "దంతాల జట్టులో చేరి ఎవరి దంతాలు రాల్చాడో" అనుకున్నాడు. పక్కన ఎవరూ లేరు, జోకు వృథా అయింది.

ఆట మెల్లగా అర్థమైంది. బంతి విసిరేవాడి ముందు అయిదుగురు, ఒక్కొక్కడూ బీరువాలాంటివాడు, గోడ కడతారు. ఈ గోడని పగలగొట్టుకుని వెళ్లి, బంతి చేతిలోంచి పోయేలోపే ఆ విసిరేవాణ్ణి మట్టి కరిపించాలి. కన్ను మూసి తెరిచేంత వ్యవధి. సియోనెని మొదట ఏ జట్టూ తీసుకోలేదు. టస్కర్స్ వాళ్లు అదనపు మనిషిగా పెట్టుకుని, రెండేళ్లపాటు ప్రాక్టీసులో మిగతావాళ్లు గుద్దుకోవడానికి వాడుకున్నారు. మూడో ఏడు ఒకడికి దెబ్బ తగిలితే ఇతన్ని దింపారు. ఆ తరవాత తీయలేదు. ఇద్దరు పట్టుకుంటే చాలక ముగ్గురు పట్టుకునేవారు. ఆ ముగ్గుర్నీ వేలాడేసుకుని వెళ్లేవాడు, పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్లే తండ్రిలా. ఛాంపియన్‌షిప్ ఆటలో, ఆఖరి నిమిషంలో, బంతిని చేతిలోంచి రాలగొట్టి కప్పు తెచ్చిందీ అతనే.

రెండు విషయాలు పాండురంగని కుర్చీలో ముందుకి జరిపాయి. ఒకటి, ఎదుటివాళ్లు అతన్ని మాటలతో రెచ్చగొట్టేవారు. రంగు, లావు, దేశం, తల్లి, ఏదీ వదల్లేదు. అతను విననట్టే ఉండేవాడు. "వీణ్ణి నోటితో ఆపినవాడు పుట్టలేదు" అన్నాడు వ్యాఖ్యాత. పాండురంగకి ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టయింది. రెండు, పడగొట్టిన ప్రతిసారీ, జనం అరుస్తూ ఉండగానే, అతను వంగి పడ్డవాడికి చెయ్యందించి లేపేవాడు. ప్రతిసారీ. ఒక్కటి కూడా తప్పలేదు.

చివరి వీడియోలో ఎవరో పక్కనుంచి వచ్చి కుడి మోకాలి మీద పడ్డారు. తొమ్మిదేళ్ల ఆట అక్కడ ఆగిపోయింది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. అతను లేవలేదు.

పాండురంగ టీవీ కట్టేసి, కళ్లు తుడుచుకుని, అలాగే కూర్చున్నాడు. మోకాలికీ బోడిగుండుకీ ముడి. తన బోడిగుండు తనే తడుముకున్నాడు, దాని మీద ఎవరో మొట్టినట్టు. గంట నుంచి మొగుడి గొంతు వినపడకపోయేసరికి చాముండేశ్వరి కంగారుగా వచ్చి నుదురు పట్టుకుని చూసింది.

ఆ సాయంత్రమే సియోనె అనన్యని దింపడానికొచ్చాడు. పాండురంగ ఎదురెళ్లాడు. "నీ ఆట చూశాను" అన్నాడు. సియోనె కారు తలుపు దగ్గర ఆగిపోయాడు. అతని మొహం మొత్తం ఎదురుచూపైపోయింది. అంత పెద్ద మొహం మీద అంత ఎదురుచూపు చూసి పాండురంగ బెంబేలెత్తాడు. భయమేస్తే కొందరికి చెమట పడుతుంది, ఇతనికి శ్లేష పడుతుంది. "చూశాక తెలిసింది, మా ఇంట్లో కరెంటు ఎందుకు పోవట్లేదో. లైన్‌మన్ రోజూ వస్తున్నాడు కదా!"

"ఓకే, సర్" అన్నాడు సియోనె. తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

పెళ్లికి వారం ముందు గుళ్లో బ్రహ్మయ్య పంతులుగారు వరుణ్ణి కూర్చోబెట్టి తంతులన్నీ ఇంగ్లీషులో వివరించారు. కాశీయాత్ర దగ్గరికొచ్చారు. "బ్రహ్మచారి పెళ్లి వద్దనుకుని, గొడుగు, కర్ర, పావుకోళ్లతో కాశీకి బయల్దేరతాడు బాబూ. అప్పుడు ఆడపిల్ల వాళ్లు అడ్డం వచ్చి, వెళ్లకయ్యా, మా అమ్మాయినిస్తాం, మా ఇంటికి రమ్మని అడుగుతారు. అప్పుడు తిరిగొస్తాడు. మామూలుగా బావమరిది అడుగుతాడు. ఇక్కడ లేడు కాబట్టి మామగారే."

సియోనె అడిగాడు, "ఎవరూ అడక్కపోతే?"

"అడక్కపోవడమేమిటి! అడక్కపోతే కాశీకే!" అని పంతులుగారు పగలబడి నవ్వారు. సియోనె నవ్వలేదు. కోచ్ బోర్డు మీద గీసింది చూసుకున్నట్టు బుర్రలో పెట్టుకున్నాడు.

పక్కనే ఉన్న పాండురంగ ఇదేమీ గమనించలేదు. అతని బుర్రలో అప్పటికే నాటకం మొదలైంది. మామ వర్సెస్ లైన్‌మన్! నిజం వట్టిగా చెప్పబోతే జోకైపోతోంది కదా, ఈసారి జోకులో చుట్టి నిజాన్ని చెప్పేస్తే సరి, చేదు మాత్రని అరటిపండులో పెట్టినట్టు. ఇలాంటి ఆలోచనలకే అతన్ని రెండు కంపెనీలు పంపేశాయి.

పెళ్లిరోజు క్రాన్‌బర్న్‌లో ఎప్పట్లాగే పొద్దున్న వాన, పదింటికి ఎండ, మళ్లీ చలిగాలి. కమ్యూనిటీ హాల్లో ఒకవైపు పట్టుచీరలు, ఒకవైపు తమ ఆచారం ప్రకారం నడుములకి చాపలు చుట్టుకున్న టోంగా బంధువులు. సియోనె కోసం రెండు పంచెలు కలిపి కుట్టించారు. అతని చేతిలో గొడుగు పుట్టగొడుగులా ఉంది. ఆ పాదాల కొలతకి పావుకోళ్లు మెల్‌బోర్న్‌లో కాదు గదా, మేలైన బోర్న్‌లో ఎక్కడా దొరకవని తేలి, ఇక్కడివాళ్లు థాంగ్స్ అనే రబ్బరు చెప్పులు తొడిగారు.

పాండురంగ పట్టుపంచె మీద క్రికెట్ హెల్మెట్, కాళ్లకి ప్యాడ్లు, చేతిలో తీగ లేని మైకు. మేనల్లుడు కిట్టు కెమెరా పట్టుకున్నాడు.

సియోనె బయల్దేరాడు. మామ ఎదురొచ్చాడు. అల్లుడు ఆగాడు. ఒక్కడుగు దూరంలో నిలబడి, తల కొంచెం వంచి, ఎదురుచూశాడు.

"కాశీకెందుకయ్యా," అన్నాడు పాండురంగ మైకులో, "మా ఆవిడ కాచే కాఫీకి రా! కాశీ కన్నా కాఫీ మేలు!" హాలు నవ్వింది. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనంటారు. నువ్వు నన్నొక్క గుద్దు గుద్దితే నువ్వు కాశీకి, నేను కాటికి!" చప్పట్లు. పాండురంగ నడుం వంచి, చేతులు నేలకానించి, టీవీలో చూసినట్టు కాచుకున్నాడు. కట్టుకున్నది ప్యాంటు కాదు గనక వంగితే చిరగలేదు గానీ, నడుములో ఏదో చిటుక్కుమంది.

సియోనె ఇంకొక్క క్షణం చూశాడు. తరవాత, స్తంభాన్ని చుట్టి వెళ్లినట్టు, పక్కనుంచి జాగ్రత్తగా దాటి నడక సాగించాడు.

పాండురంగ వెనకనుంచి అల్లుడి నడుం పట్టుకున్నాడు. చేతులు సగందాకే అందాయి. నున్నటి నేలమీద ప్యాడ్లతో సహా జారుకుంటూ, పడవకి కట్టిన దుంగలా, తలుపు దాకా వెళ్లాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. తలుపు దాటారు. కార్ పార్కులోకొచ్చేసరికి మైకు అందడం మానేసింది.

"సూపర్ మామయ్యా! కంటిన్యూ!" అని కిట్టు వెనకే పరిగెత్తాడు.

"ఏం కంటిన్యూరా! వీడు ఆగట్లేదు!"

నిజంగానే ఆగట్లేదు. కార్లు దాటాడు. గేటు దాటాడు. హైవే వైపు తిరిగాడు, అటెళ్తే స్టేషను. హాల్లో నవ్వు పల్చబడింది. అందరికన్నా ముందు నవ్వడం మానేసింది సియోనె తల్లి. కొడుకు నడకలో ఆట లేదని ఆవిడకి తెలిసింది. గుమ్మంలోకొచ్చి పంతులుగారు కేకేశారు. "పాండురంగ గారూ, ముహూర్తం! అడగండి! అడిగితేనే తిరుగుతాడు!"

ఆయన వెనక అనన్య, గౌరీపూజ మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది, చేతిలో ఇంకా అక్షింతలున్నాయి. ఆమె పక్కనుంచి చాముండేశ్వరి అరిచింది. "ఏమండీ! ముప్పయ్యేళ్లుగా ముయ్యమన్నా ముయ్యని నోరు, ఇవాళ తెరవమంటే తెరవరేం!"

అప్పుడు పాండురంగకి చేతులు జారాయి. రోడ్డు పక్క గడ్డి మీద బోర్లా పడ్డాడు. హెల్మెట్ దొర్లుకుంటూ పోయింది. తల ఎత్తి చూస్తే, గొడుగు వేసుకుని వెళ్లిపోతున్న వీపు. కుడికాలు కొంచెం కుంటుతోంది. నోటితో ఆపినవాడు పుట్టలేదు. నిజమే, ఇప్పటిదాకా తను వాడింది నోరే. అందులోంచి ఒక్కసారీ పిలుపు రాలేదు.

నాలుక చివరికి ఒక జోకు రానే వచ్చింది, గడ్డి మీదా గడ్డం మీదా. బంగారంలాంటి జోకు. పాండురంగ దాన్ని మింగాడు. పిత్తాశయం లేనివాడికి అదంత తేలిగ్గా దిగలేదు.

"సియోనె!" అని అరిచాడు. "వెళ్లకు!"

వీపు ఆగింది.

"వెళ్లకు నాన్నా. ప్లీజ్. మా ఇంటికి రా. నాకు..." ఇంగ్లీషు అయిపోయింది, తెలుగులోనే అన్నాడు, "నాకు నువ్వు కావాలి. ఆ రోజు నీ మోకాలి గురించి అలా అనకుండా ఉండాల్సింది. నీ ఆట చూసి ఏడ్చాను."

అందులో ఎన్ని మాటలు అతనికి అర్థమయ్యాయో తెలియదు. వెనక్కి తిరిగాడు. కుంటుకుంటూ అంత దూరమూ తిరిగొచ్చాడు. గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నాడు. గేటు దగ్గర రెండు కుటుంబాలూ ఊపిరి బిగబట్టి చూస్తున్నాయి. గడ్డిలో పడ్డ మామగారి మీదికి వంగి, టీవీలో అన్నేళ్లూ అందించిన చెయ్యే అందించాడు. తనకి వచ్చిన తెలుగులో అన్నిటికన్నా మర్యాదైన మాట వెతుక్కుని, భక్తిగా, గట్టిగా అన్నాడు.

"లేవరా పాండూ! లే!"

గేటు దగ్గర నవ్వు బద్దలైంది. పంతులుగారు ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నారు. కిట్టు కెమెరా ఆకాశాన్ని తీసింది. అనన్య నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా గోడకి చేరగిలబడింది. "ఎంత చక్కగా అన్నాడమ్మా మా సోనయ్య!" అంది శారదాంబ.

పాండురంగ ఆ చెయ్యి పట్టుకుని లేచాడు. లేచాడనడం కంటే లేపబడ్డాడనాలి. పాదాలు ఒక జానెడు గాల్లోకి వెళ్లి దిగాయి. అంతా అతనివైపే చూస్తున్నారు. ఇంత పెద్ద నవ్వుకి పైనెయ్యడానికి ఏం విసురుతాడా అని. పాండురంగ మైకు కిట్టు చేతిలో పెట్టేశాడు.

"తప్పుగా చెప్పానా, మామయ్యా?" అన్నాడు సియోనె కంగారుగా. సర్ అనలేదు.

"కరెక్టుగా చెప్పావు. పద, ముహూర్తం మించిపోతోంది."

ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నాలు, అల్లుడు భోజనానికొచ్చినప్పుడు, మామ సోఫాలో గుర్రు పెడతాడు. సియోనె టీ కప్పు పట్టుకొచ్చి, భుజం తట్టి, అదే మాటతో లేపుతాడు. దాని అసలు సంగతి అల్లుడికి చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పాండురంగకైతే చెప్పే ఉద్దేశమే లేదు. ఒక్కోసారి మెలకువ వచ్చాక కూడా, అతను వచ్చి లేపేదాకా, కళ్లు మూసుకునే పడుకుంటాడు.